కడుపు నిండిన బ్యాటరీలు

ఈ మధ్య మా పాత ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. కొత్తగా చేరిన అడవి వాచర్లకు మళ్లీ కరెంటు సైకిళ్లు ఇస్తున్నారట. బ్యాటరీ ఎంత దూరం వస్తుంది, దాన్ని ఎలా చూసుకోవాలి, రెండు పేజీల్లో రాసిమ్మన్నారు. "మీకంటే తెలిసినోళ్లు ఎవరున్నరు సాబ్" అని ఒక మాట కూడా కలిపారు. ఆ మాటకు సంతోషించే స్థితిలో నేను లేను. నాకు తెలిసింది ఎలా తెలిసిందో చెప్పకుండా బ్యాటరీ జాగ్రత్తలు చెప్పడం నావల్ల కాదు. కాబట్టి తమ్ముళ్లూ చెల్లెళ్లూ, రెండు పేజీలు దాటితే జర ఓపిక పట్టండి.

నాది ఆలేరు. స్టేషన్ దగ్గర మా అబ్బాకు, అంటే నాయినకు, బ్యాటరీల దుకాణం ఉండేది. లారీలవి, ట్రాక్టర్లవి, మైకుసెట్లవి, అన్నీ నీళ్లు పోసే పాతకాలం బ్యాటరీలే. యాసిడ్ పడి నా లాగులన్నీ జల్లెడలే. అబ్బా ఒక్కటే సూత్రం చెప్పేవాడు: బ్యాటరీని ఖాళీ కడుపుతో పండబెట్టొద్దు. ఖాళీగా పడుంటే లోపల సీసం పలకలకు తెల్లటి పొక్కు కట్టి, ఆ బ్యాటరీ ఇక లేవదు. ఆ బ్యాటరీల విషయంలో అది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ నిజమే నన్ను ముంచింది.

ఉద్యోగం మాత్రం నాకు జీపు డ్రైవరుగా వచ్చింది. చౌటుప్పల్ అవతల, హైవే మీది కంపెనీల చప్పుడు దాటి లోపలికి వెళితే గుట్టలు మొదలవుతాయి. అక్కడ ఒక చిన్న అడవి ఆఫీసు. ఏనుగుల మందలాగా నల్లబండలు, వాటి మధ్య సీతాఫలం పొదలు, మోదుగులు, శివరాత్రి దాటగానే కరకరలాడే ఎండుగడ్డి. పెద్ద జంతువులేం లేవు. మా భయమంతా మంటల గురించే. ఎవడో బీడీ ముక్క పారేస్తాడు, ఎవడో కొత్త గడ్డి మొలవాలని నిప్పు పెడతాడు, రెండు రోజులు గుట్ట కాలుతుంది. ఆ గుట్టలు తిరిగి కాపలా కాయడానికి ఆరుగురు వాచర్లుండేవారు. నేను డ్రైవరునే అయినా, ఆఫీసులో కదలనిదేదైనా నా దగ్గరికే వచ్చేది. అందరూ నన్ను బ్యాటరీ సాబ్ అనేవాళ్లు. ఆ పేరు నెత్తికెక్కింది, అబద్ధమెందుకు! నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదు, నాకు ముందునుంచీ తెలుసు, కానీ పని వచ్చినవాడి నోరు ఎవరూ పట్టించుకోరు కదా.

కరోనా తగ్గాక ఒక కంపెనీవాళ్లు మా ఆఫీసుకు ఆరు కరెంటు సైకిళ్లు దానమిచ్చారు. కొండల మీద తిరిగే రకం. లావు టైర్లు, ముందు స్ప్రింగులు, కింది గొట్టంలో తాళం వేసి ఉండే బ్యాటరీ. తొక్కుతుంటేనే మోటారు సాయం చేస్తుంది, ఊరికే కూర్చుంటే నడవదు. హ్యాండిల్ మీద చిన్న తెర, దాంట్లో ఐదు గీతలు. గీతలు తగ్గుతుంటే చార్జింగు తగ్గుతున్నట్టు. ఒక్కో బండి బరువు సిమెంటు బస్తాలో సగం ఉంటుంది. అరవై కిలోమీటర్లు వస్తుందని కాగితం మీద ఉంది. అది చదును రోడ్డు మీద, చల్లటి పూట, బక్క మనిషికి. ఆ సంగతి కాగితంలో లేదు.

నేర్పడానికి హైదరాబాద్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మా చిన్నబిడ్డ వయసు. సైకిల్ విప్పి చూపించింది, బిగించి చూపించింది. ఆఖర్న బ్యాటరీ సంగతికి వచ్చింది.

"సర్, వీటిని ఎప్పుడూ ఫుల్‌గా ఉంచకండి. వాడని రోజుల్లో సగానికి కొంచెం పైన ఉంటే చాలు. చల్లగా ఉన్న గదిలో పెట్టండి. చార్జర్‌కు తగిలించి మర్చిపోకండి."

వాచర్లందరూ నా వైపు చూశారు. బ్యాటరీ సాబ్ ఏమంటాడోనని.

"బిడ్డా, సగం కడుపుతో పండుకొమ్మంటే నువ్వు పండుకుంటవా?" అన్నాను.

అందరూ గొల్లున నవ్వారు. పాపం ఆ అమ్మాయి కూడా నవ్వింది. "సర్, ఇవి వేరే రకం బ్యాటరీలు" అని ఇంకోసారి చెప్పి, నా చేతిలో ఒక చిన్న పుస్తకం పెట్టింది. దాన్ని జీపు డాష్‌బోర్డులో పడేశాను. బ్యాటరీలమ్మే ఇంట్లో పుట్టినవాడికి నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల చెప్పేదేమిటన్న పొగరు. అంతకంటే వేరే కారణమేం లేదు.

ఆఫీసు వెనుక రేకుల షెడ్డు ఉంటే, దాంట్లో ఆరు చార్జర్లు వరుసగా బిగించాను. గస్తీ నుంచి బండి రావడమే ఆలస్యం, వేడి వేడి బ్యాటరీని తగిలించేవాణ్ణి. పొద్దున మళ్లీ బండి తీసేదాకా అది అక్కడే. గస్తీ లేని రోజు పగలూ రాత్రీ అక్కడే. ఆరు ఆకుపచ్చ దీపాలు వెలుగుతుంటే కడుపు నిండా తిని పడుకున్న పిల్లల్ని చూసినట్టు నాకు తృప్తిగా ఉండేది. ఎండాకాలం ఆ షెడ్డులోకి అడుగు పెడితే మొహం మీద పెనం బోర్లించినట్టుండేది. నేను అయిదు నిమిషాలు నిలబడలేకపోయేవాణ్ణి. బ్యాటరీలు మాత్రం నెలలకు నెలలు అక్కడే ఉన్నాయి. ఎవరైనా ఎత్తుకుపోతారని వాటి తాళంచెవులు నా మొలతాడుకు కట్టుకుని తిరిగేవాణ్ణి.

ఇప్పుడు ఆ ఆరుగురు వాచర్లలో ఒకడి గురించి చెప్పాలి. పేరు రాయను. గుట్ట కింది ఊరివాడు, నలభై దాటినవాడు. వాడి నాయిన ఒక పటేలు దగ్గర జీతం ఉండి, పశువులు కాసి పోయాడు. ఆ ఇంట్లో కాగితం మీద పేరున్న కొలువు మొదట చేసినవాడు వీడే. వాచర్ పనేం పెద్ద కొలువు కాదు. అయినా ఆదివారం చర్చికి వెళ్లేటప్పుడు తెల్లచొక్కా జేబులో ఐడీ కార్డు కనబడేలా పెట్టుకునేవాడు. మాట తక్కువ. చెప్పే నాలుగు మాటలూ కొలిచి చెప్పేవాడు. టైమెంతైందిరా అంటే "పదకొండు గాలే సాబ్, ఇంక నాలుగు నిమిషాలున్నయ్" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. "నువ్వు రైలు నడుపుతున్నవారా?" అని కసిరేవాణ్ణి. గస్తీ రిజిస్టర్లో మిగతా అయిదుగురూ "అంతా బాగున్నది" అని ఒక ముక్క రాసి సంతకం పెడితే, వీడు మాత్రం ఏ మలుపు దగ్గర ఏ గీత పోయిందో కూడా రాసేవాడు.

మా గస్తీల్లో అన్నిటికంటే కష్టమైంది లొంక గస్తీ. లొంక అంటే రెండు గుట్టల మధ్య పల్లం. మొదటి గుట్ట ఎక్కాలి, అవతలికి దిగాలి, లొంక అంతా తిరగాలి, మళ్లీ అదే గుట్ట ఎక్కి రావాలి. ఫోన్ సిగ్నల్ ఉండదు. ఆరుగురికీ వంతులు. మొదటి ఏడాది అందరూ హాయిగా వెళ్లొచ్చారు, బండ్ల మీద తిరిగే వాచర్లని ఊళ్లో ఇజ్జత్ కూడా పెరిగింది.

రెండో ఎండాకాలం హోలీ దాటాక ఒకరోజు వాడు నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"సాబ్, బండి లొంక నుంచి మల్ల ఎక్కుతలేదు."

"ఎందుకెక్కదు? పొద్దుగాల ఐదు గీతలు పెట్టి ఇచ్చిన గద!"

"దిగేటప్పుడు రెండు గీతలుంటయ్ సాబ్. ఎక్కుడు సురువు జేయంగనే రెండూ ఒక్కపారే పోతయ్. బందైతది. ఆడికెల్లి నూకుక్కుంట వస్తున్న."

"నువ్వు తొక్కుతున్నవా, ఉత్తగ దాని మీద కూసుంటున్నవా?"

"తొక్కుతున్న సాబ్."

మిగతా అయిదుగురినీ అడిగాను. మాకేం తిప్పల లేదన్నారు. వాళ్ల బండ్లు చూశాను. లొంక గస్తీ నుంచి వచ్చినా రెండు గీతలు మిగిలే ఉన్నాయి. సరే, వీడి బండికే ఏదో అయిందని, వచ్చే వంతుకు వేరేవాడి బండి ఇచ్చాను. సాయంత్రం దాన్ని కూడా నూకుకుంటూ వచ్చాడు. ఆ తర్వాతి వంతుకు మూడో బండి ఇచ్చాను. అదీ అంతే. నేను మెకానిక్కును కదా, నా లెక్క నాకుంది: బండి మారినా కథ మారలేదంటే రోగం బండికి కాదు, మనిషికి. అంతకంటే గట్టి రుజువు ఇంకేం కావాలి? ఇప్పటికీ ఆ లెక్కలో తప్పెక్కడుందని నన్ను ఉన్నపళంగా అడిగితే నేను ఒక్క నిమిషం తడబడతాను.

ఆఫీసు ఎదురుగా చాయ్ హోటల్ ఉంది. పొద్దున పూట వాచర్లు, మేకలవాళ్లు, కంపెనీ బస్సు కోసం చూసేవాళ్లు, వాడి ఊరివాళ్లు సగం మంది అక్కడే ఉంటారు. ఆ రోజు నాకు నోటి దురద ఆగలేదు.

"ఐదుగురి బండ్లు మంచిగనే వస్తున్నయ్. గీ సారు బండి ఒక్కటే సచ్చి వస్తాంది. ఎందుకంటరు? పెండ్లాన్ని ఎనుక కూసోబెట్టుకొని సంతలు తిరుగుతుండు, ఇంకేంది!"

హోటలంతా నవ్వింది. వాడు నవ్వలేదు. చేతిలో చాయ్ సగం ఉంది, దాన్ని బల్ల మీద పెట్టి లేచాడు.

"నేను అబద్ధమాడలే సాబ్" అన్నాడు. ఆ ఒక్క మాటే అని గస్తీకి వెళ్లిపోయాడు.

నేను అంతటితో ఊరుకుంటే నా పేరెందుకు! ఆఫీసులోకి వెళ్లి రిజిస్టర్ తెరిచి, వాడి పేరు ఎదురుగా ఎర్రసిరాతో రాశాను: బండిని సొంత పనులకు వాడుతున్నట్టు అనుమానం. పైఅధికారి దాని కింద సంతకం పెట్టాడు. ఆ తర్వాత వాడు బండి ఎక్కడంలేదన్న మాట నా దగ్గర మళ్లీ ఎత్తలేదు. లొంక వంతు వచ్చిన ప్రతిసారీ వెళ్లాడు, ఎంత ఆలస్యమైనా బండి నూకుకుంటూ వచ్చి, తెచ్చి షెడ్డులో పెట్టి, సంతకం చేసి పోయాడు.

ఏప్రిల్ చివర్లో ఒకరోజు మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండి ఒకటి ఆఫీసు ముందే ఆగిపోయింది. బ్యాటరీ మీద చెయ్యి పెడితే చుర్రుమంది. తువ్వాల తడిపి కప్పి, బండిని నీడకు లాగాను. అరగంటకు తెర వెలిగింది. నేను గొప్పగా వాచర్లందరినీ పిలిచి పాఠం చెప్పాను.

"సూడుర్రి. వేడెక్కితే బందైతది. ఫికర్ చెయ్యకుర్రి. తడిగుడ్డ కప్పి నీడకు పెడితే మల్ల లేస్తది. మనిషి లెక్కనే అదిగూడ. ఇంకో ముచ్చట. బండిని అడవిల ఇడిసిపెట్టి ఉత్త చేతులతో వచ్చినోడు మల్ల నా మొఖం సూడొద్దు."

అయిదుగురు తలలూపారు. వాడు మాత్రం "ఎంతసేపు కప్పాలె సాబ్?" అని అడిగాడు. "లేసేదాక" అన్నాను.

రోళ్లు పగిలే రోహిణి కార్తె వచ్చింది. ఆ రోజు పదిన్నరకు లొంక అవతల పొగ కనబడింది. జీపు వెళ్లే దారి వేరు, ఊళ్ల మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాలి. అధికారినీ నలుగురు వాచర్లనూ ఎక్కించుకుని నేను జీపు తీయబోతున్నాను. లొంక వైపు నుంచి ఒకరు వెళ్లి మంట ఇవతలికి రాకుండా చూడాలి. ఆ రోజు వంతు వాచర్లలో పెద్దాయనది. ఆయన మోకాలు పట్టుకుని గోడకానుకుని కూర్చున్నాడు, నొప్పట. ఎవరూ అడగకముందే వాడు వచ్చి బండి పట్టుకున్నాడు.

"నేను పోత సాబ్."

తెర చూశాను. "ఐదుకు ఐదున్నయ్. గీపారి సాకు చెప్పకు" అన్నాను.

వాడు రెండు నీళ్ల సీసాలు సంచిలో పెట్టుకుని వెళ్లాడు.

తీరా మేం చేరేసరికి అది పెద్ద మంట కాదు. ఎవరో పొలం గట్టు తగలబెడితే కొంచెం గడ్డికి పాకింది. పచ్చి మండలతో కొట్టి గంటలో ఆర్పేశాం. వాడు అటువైపు కనబడలేదు. "ఏ చెట్టు కిందనో కాల్జాపిండు" అని జీపులో నేనే అన్నాను. ఆఫీసుకు వచ్చి అన్నం తిన్నాం. మూడైంది. రాలేదు. నాకు కోపం వచ్చింది. మూడున్నరయింది. అప్పుడు కోపం పోయింది. జర చూసొద్దామని ఇద్దరిని తీసుకుని మొదటి గుట్ట దాకా జీపులో వెళ్లి, అక్కడినుంచి కాలినడకన ఎక్కి అవతలికి దిగాం. బండలు సెగ కక్కుతున్నాయి.

లొంక నుంచి పైకి వచ్చే దారిలో సగానికి కొంచెం ఇవతల కనబడ్డాడు. ఒక పెద్ద బండ పక్కన రెండు మూరల నీడ ఉంది. ఆ నీడలో బండి ఉంది. వాడు బండి చక్రానికి వీపు ఆనించి ఎండలో కూర్చున్నాడు. బ్యాటరీ మీద వాడి తువ్వాల అట్టకట్టుకుపోయి ఉంది. రెండు సీసాలూ ఖాళీ. కింద లొంక నుంచి అక్కడిదాకా దుమ్ములో చక్రాల గీత, దాని పక్కన వాడి చెప్పుల అచ్చులు. లొంక నుంచి వాడి ఊరికి కాలిబాట ఉంది, దిగుడే దిగుడు, చేతులూపుకుంటూ వెళితే అరగంటలో ఇల్లు. బండి ఆ బాటలో దిగదు. అందుకని వాడు ఆ బాట పట్టలేదు. బ్యాటరీ అన్నా ఊడదీసి పట్టుకుని పోదామంటే తాళంచెవి నా మొలతాడుకుంది.

ఒళ్లు ముట్టుకుంటే కాలుతోంది, చెమట చుక్క లేదు. కళ్లు తెరిచి నన్ను చూశాడు, గుర్తుపట్టాడు.

"తడిగుడ్డ ఏసిన సాబ్" అన్నాడు. "లేస్తలేదు."

"నీళ్లు తాగినవారా నువ్వు?"

"దానికే సాల్లే సాబ్."

యా అల్లా! నా చెవులతో విన్నాను ఆ మాట. వాడి చేతులు పట్టుకుని ఏడ్చాను, ఏడుస్తూనే తిట్టాను, ఇంకేం రాదు కదా నాకు. ముగ్గురం మోసుకుని జీపులో వేశాం. తెచ్చిన నీళ్లు వాడి తల మీద, ఒంటి మీద పోస్తూనే ఉన్నాం. చౌటుప్పల్‌లో సెలైన్ పెట్టి పెద్ద దవాఖానకు పంపారు. మర్నాడు మధ్యాహ్నం పోయాడు. వడదెబ్బ అని రాశారు.

బండికి చిన్న గీత కూడా పడలేదు.

విచారణకు వచ్చిన ఆఫీసరు బ్యాటరీ ఎందుకు అయిపోయిందని అడిగాడు. రిజిస్టర్ తెరిచారు. నా ఎర్రసిరా వాక్యం అక్కడ ఎదురుచూస్తున్నట్టే ఉంది. సొంత వాడకం వల్ల చార్జింగు తక్కువై ఉండవచ్చునని కాగితంలో ఎక్కించారు. ఆ పొద్దున ఐదు గీతలు చూసి ఇచ్చింది నేనే. ఆ మాట నోటిదాకా వచ్చింది. చెప్తే మరి బ్యాటరీ ఎందుకు ఆగిందని నన్నే అడుగుతారు. మింగేసి సంతకం పెట్టాను. వాడి భార్యకు ఆ వాచర్ పని ఇవ్వమని ఊరివాళ్లు అడగడానికి వచ్చినప్పుడు ఆ వాక్యమే అడ్డుపడింది. సర్కారు బండిని ఇష్టమొచ్చినట్టు వాడినవాడి ఇంటికే మళ్లీ ఎలా ఇస్తామన్నారు. నేను బయట జీపు తుడుస్తూ అంతా విన్నాను.

వానలు పడ్డాక ఆ హైదరాబాద్ అమ్మాయి బండ్లు చూడ్డానికి వచ్చింది. ఒక చిన్న మిషను తగిలించి ఆరు బ్యాటరీలనూ ఒక రోజంతా పరీక్ష చేసింది.

"సర్, ఆరూ ఒకేలా పాడయ్యాయి. కొత్తప్పుడు ఉన్నదాంట్లో సగం కూడా లేదు."

"ఐదు గీతలు సూపిస్తున్నయ్ గద బిడ్డా!"

"ఫుల్ అనే చూపిస్తాయి సర్. ఆ ఫుల్లే చిన్నదైపోయింది. వీటిని ఎక్కడ పెడుతున్నారు?"

షెడ్డు చూపించాను. చార్జర్లను చూసింది, రేకు మీద చెయ్యి పెట్టి చూసింది.  ఒక్క మాట తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. పూడిక పడిన బావి అంచుదాకా నిండినట్టే కనబడుతుంది, నాలుగు బిందెలు తోడితే బురద వస్తుంది. నేను రెండేళ్లు దగ్గరుండి ఆరు బావులు పూడ్చాను. ఆ రోజు ఇంటికెళ్లి, డాష్‌బోర్డులోంచి తెచ్చిన ఆ ఇంగ్లీషు పుస్తకాన్ని మా బిడ్డతో చదివించుకున్నాను. నేను చేసినవన్నీ చేయకూడదని బొమ్మలు వేసి మరీ ఉన్నాయి.

మీరడిగిన జాగ్రత్తలు ఇక్కడే చెప్పేస్తాను, మళ్లీ అడగొద్దు. ఈ రకం బ్యాటరీకి కడుపు నిండా పెట్టి వేడిలో పండబెట్టడమే చావు. గస్తీకి వెళ్లే ముందు నింపుకోండి, మిగతా రోజుల్లో సగానికి కాస్త పైన ఉంచి నీడగా, చల్లగా పెట్టండి. రాగానే తగిలించకండి, ఒళ్లు చల్లారనివ్వండి. కాగితం మీది దూరాన్ని గుట్టల్లో సగానికి కోసుకోండి, ఎండాకాలం ఇంకొంచెం కోసుకోండి. గీతల్ని నమ్మకండి, నెలకోసారి తెలిసిన దారిలో తొక్కి ఎంత వస్తుందో మీరే చూసుకోండి. నీళ్లు మీవి, మీరు తాగండి. బండి ఆగితే దాన్ని అక్కడే పారేసి ఇంటికి రండి. ఎవడైనా ఏమన్నా అంటే నా పేరు చెప్పండి.

తప్పు నాదని కాగితం రాసి అధికారి ముందు పెట్టాను. ఆయన చదివి కళ్లద్దాలు తీశాడు. "ఏడాదిల దిగిపోతున్నవు. ఎందుకు తవ్వుకుంటవ్ ఇదంత?" అన్నాడు. మంచివాడే, నా మేలు కోరే అన్నాడు. నేను కదలకపోతే ఆఖరికి దాన్ని ఫైల్లో పెట్టాడు. ఫైలు పైకి వెళ్లింది. కిందికి రాలేదు. వాడి వాచర్ పనిలో వేరే ఊరివాడు చేరాడు.

ఇక వాడి ఇంటికి వెళ్లాను. వాడి భార్య కంపెనీలో ఊడ్చే పనికి కుదిరింది, అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు. షెడ్డు సంగతి, మిషను సంగతి, ఎర్రసిరా సంగతి, అన్నీ చెప్పాను.   అంతా అయ్యాక ఆమె అంది:

"ఆయన అబద్ధమాడడని నాకు ఎరుక లేదా సాబు? గది నాకెందుకు చెప్పవట్టిరి? నన్ను ఎనుక కూసోబెట్టుకొని సంతలు తిరుగుతుండంటిరి. నేను గా బండిని చేత్తోని ముట్టలే. గా మాట అన్ననాడు ఇంటికొచ్చి అన్నం తినలే ఆయన. లొంకకు నువ్వు పోకు, అందరి లెక్కనే నువ్వు ఉండు అంటి. ఇనలే. మీరు హోటల్ల అంటిరి. హోటల్లనే చెప్పుర్రి."

లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది.

మర్నాడు పొద్దున హోటల్ నిండా మనుషులున్న సమయం చూసి వెళ్లాను.  చాయ్ పోసే ఆయన్ను స్టవ్ తగ్గించమన్నాను. నిలబడి చెప్పాను. వాడు బండిని ఒక్కనాడు సొంతానికి వాడలేదు, ఆరు బ్యాటరీలనూ నా చేతులతో నేనే పాడు చేశాను, బండి ఎక్కడంలేదని వాడు చెప్పింది అక్షరాలా నిజం, మీ అందరి ముందు నేను అన్నది అబద్ధం, అని. ఎవరైనా లేచి నన్ను కొడతారనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఒక్కరూ తల ఎత్తలేదు. వాచర్లు అయిదుగురూ ఒకే బల్ల దగ్గర ఉన్నారు. వాళ్లయితే మరీ బల్లలోకి చూస్తున్నారు.

అప్పుడు పెద్దాయన, ఆ రోజు మోకాలు నొప్పన్న ఆయన, లేచి నా దగ్గరికి వచ్చాడు.

"మాకు ఎరుకే సాబ్" అన్నాడు.

"ఏం ఎరుక?"

"అన్ని బండ్లు గంతేనని. నాదిగూడ లొంక నుంచి ఎక్కకపోతుండె. ఒక్కపారి నూకుక్కుంట వచ్చి సావుదాక పోయిన. చెప్తే తిడ్తరని చెప్పలే. గప్పటిసంది మేమెవ్వలం లొంకకు పోతలేం. మొదటి గుట్ట మీద చెట్టు కింద పొద్దుగూకేదాక పండుకొని, అంతా బాగున్నదని రాసి సంతకం పెడుతున్నం. రెండు గీతలు మిగలక ఏం జేస్తయ్?"

 

"మరి వాడికి చెప్పలేదా మీరు?"

"చెప్పినం. పోకుంటె సంతకం ఎట్ల పెడ్త అన్నడు." ఆయన తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "ఆరుగురిల నిజం చెప్పింది వాడొక్కడే సాబ్. మీరు తిట్టింది గూడ వాన్నొక్కన్నే."